వీపు మీద చెయ్యి

మొన్నామధ్య దగ్గు ఎంతకీ తగ్గక నిజామాబాదులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా కూతురి ఈడు పిల్ల. నా వెనక్కి వచ్చి వీపు మీద అరచెయ్యి ఆనించి, "తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది అంటూ ఉండండి ఆంటీ" అంది. గొంతు లోపల మోగుతుంటే ఆ అదురు చేతికి తెలుస్తుందట, దాన్నిబట్టి ఊపిరితిత్తుల సంగతి చెప్తారట. నేను కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. తొంభై తొమ్మిది రాలేదు. "సాత్ ఏకే సాత్, సాత్ దుణే చౌదా, సాత్ త్రిక్ ఏక్‌వీస్" అని వచ్చింది. మరాఠీ ఏడో ఎక్కం. ఆ పిల్ల ఒక్క క్షణం తికమకపడి, "అదైనా సరే, ఆపకండి" అంది. ఆపితే కదా. ఏడు పదులు డెబ్బై దాకా చెప్పాను. మందుల చీటీ తీసుకుని బయటికొచ్చి, ఆటో ఎక్కకుండా ఆ ఆస్పత్రి మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను. వీపు మీద చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది. అది మా రెండో తరగతి బాయి చెయ్యి.

బాయి అంటే నాందేడ్ బళ్ళలో పంతులమ్మ. ఆమెకు పేరుంది, నేను రాయను. ఇంకొక సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. బాయికి చెవులు వినపడవు. దీన్ని చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలని నాకు లేదు. దాచడం ఎంత కష్టమో ఆమెను చూసి తెలుసుకున్నదాన్ని.

డెబ్బైల నాటి మాట. మా నాన్నది తాళ్ళ దుకాణం. నులక, మోకులు, బొక్కెన తాళ్ళు. దుకాణం వెనకే ఇల్లు. సందులో సగం తెలుగు ఇళ్ళు, సగం మరాఠీ ఇళ్ళు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సందులో గోలీలాటకు దక్కనీ హిందీ. రెండో తరగతిలో మేం నేర్చుకున్నవి ఇవాళ లెక్కేస్తే ఎన్నో లేవు. ఒత్తులున్న అక్షరాలు, రోజుకు పది వరుసల శుద్ధలేఖనం, గడియారం చూడటం, రెండు నుంచి పది దాకా ఎక్కాలు. కానీ ఆ ఎక్కాలున్నాయే, అవి బడిలో అయిపోయేవి కావు. దీపాలు పెట్టేవేళకు ప్రతి ఇంటి అరుగు మీదా మొదలయ్యేవి. "బే ఏకే బే, బే దుణే చార్." ఒక ఇంట్లో రెండో ఎక్కం, పక్కింట్లో ఐదో ఎక్కం, ఎదురింట్లో తొమ్మిది. గోదారి మీంచి వచ్చే గాలికి అవన్నీ కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా సందంతా ఒకటే గొణుగుడుగా ఉండేది. వింటూ వింటూ నేను సగం నిద్రలో ఊగేదాన్ని. ఇప్పటికీ ఎప్పుడైనా పొద్దుగూకే వేళ ఒంటరిగా కూర్చుంటే ఆ గొణుగుడు నాకు వినిపిస్తుంది. మా ఆయన నవ్వుతారు, నవ్వనీ.

ఆ వేళకు బాయి వచ్చేది. రోజుకో సందు. మా సందుకు గురువారం. తెల్ల చీర, సన్నటి ఆకుపచ్చ అంచు, ఎండలేకపోయినా చేతిలో నల్ల గొడుగు. బడిలో కొప్పులో గుచ్చుకున్న సుద్దముక్క తీయడం మరిచిపోయి అలాగే వచ్చేది. మా అమ్మకది పెద్ద వేడుక. "పూలు లేవా బాయీ, సుద్ద వెట్టుకున్నరు?" అనేది. బాయి తడుముకుని, నవ్వి, దాన్ని అలాగే ఉంచుకునేది. ఆమెది నాయ్‌గావ్ దిక్కు. అటు తెలుగువాళ్ళు చాలామంది, అందుకే బడిలో మరాఠీ, మా అరుగు మీద మా తెలుగు.

వచ్చి కూర్చునేది. పిల్లను తన ముందు అటు తిప్పి కూర్చోబెట్టేది. రెండు భుజాల నడుమ అరచెయ్యి పరిచేది. "ఇగ చెప్పు బిడ్డా" అనేది. అంతే. ఆ చెయ్యి పడగానే ఎంత అల్లరి పిల్లయినా చక్కగా కూర్చునేది. వెచ్చగా ఉండేది. నేను ఎక్కం చెప్తుంటే నా గొంతు నా వీపులోంచి ఆమె చేతిలోకి దిగిపోతున్నట్టుండేది. ప్రేమ అనుకున్నాం అందరం. ప్రేమే, కాదనను. అయితే అదే ఆమె చెవి కూడా.

"నోట్ల ఉన్న లెక్క ఉమ్మితోని పోతది. ఈపుల కూసోవాలె" అని ఆమె మాట. మేమంతా నమ్మాం. నాకైతే ఎక్కాలు వీపులో గూడు కట్టుకుని ఉంటాయని చాలా రోజులు నమ్మకం.

ఇప్పుడు తలుచుకుంటే ఆమె ఉపాయాలన్నీ ఒక్కొక్కటే కనిపిస్తాయి. హాజరు పిలిస్తే పక్క తరగతుల్లో "హజర్" అని అరిస్తే చాలు, మా తరగతిలో లేచి నిలబడాలి. ఆమె ఎంత మెల్లగా మాట్లాడేదంటే, వినడానికి మేమే ఊపిరి బిగబట్టేవాళ్ళం. బడి మొత్తంలో చప్పుడు లేని తరగతి మాదే. పెద్ద గురూజీ వచ్చిపోయే వాళ్ళకు మా గదిని గర్వంగా చూపించేవాడు. ఎవరైనా మాట్లాడితే, గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, "గిట్ల సూసుకుంట చెప్పు, నీ మొఖం సల్లగుండ" అనేది. పెదవులు చూడటానికని ఎవరికి తెలుసు? మాట అందకపోతే "ఏమిటి?" అని మాత్రం అడగదు. "మల్ల జెప్పు, మంచిగున్నది" అంటుంది. మంచిగున్నదంటే ఎవరు మళ్ళీ చెప్పరు? ఇంకోటి, అది అప్పట్లో నాకు తట్టనేలేదు. ఆమె ఎవరినీ తప్పు అనేది కాదు. ఎక్కం అయిపోతే శాబాష్. ఎవరికైనా శాబాషే.

ఏడో ఎక్కం నాకు అంటలేదు. "సాత్ సక్ బేచాళీస్", ఏడారులు నలభై రెండు దాకా బండి బాగానే పోయేది. "సాతీ సాతే", ఏడేడుల దగ్గర కూలబడేది. ఒక గురువారం బాయి చెయ్యి వీపు మీద ఉండగా అక్కడే కూలబడింది. ఆగితే పరువు పోతుంది. అమ్మ గడప లోపల ఉల్లిగడ్డలు ఏరుతోంది, ఆ ఘాటు ముక్కుకు తగిలింది. "సాతీ సాతే ఉల్లిగడ్డల్" అనేశాను. తాళం తప్పలేదు. ఆ ఊపులో "సాత్ ఆఠే ఎల్లిగడ్డల్, సాతా నవే మిరపకాయల్, సాత్ దాహే సత్తర్" అని ఒడ్డున పడ్డాను. ఉల్లిగడ్డల దగ్గర చెయ్యి రవ్వంత కదిలినట్టనిపించింది. తర్వాత వీపు తట్టింది.

"శాబాష్ బిడ్డా."

అప్పుడే మిల్లు భోంగా మోగింది. ఊరంతా వినపడే కూత అది. మోగినంతసేపు సందులో అందరూ మాట ఆపి, ఆగిపోయాక అందుకునేవాళ్ళు. బాయి ఆపలేదు. ఆ హోరులోనే పెదవులు కదుపుతూ పక్కింటి పిల్లకు ఏదో చెప్తూనే ఉంది, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ ఉంది. ఏడేళ్ళ బుర్రలో రెండూ రెండూ నాలుగయ్యాయి. బాయికి వినపడదు.

జాలి కలిగిందని రాస్తే బాగుండును. కలగలేదు. పండగ అయింది. మర్నాడు పొద్దున్నే శకుంతల చెవిలో వేశాను. శకుంతల నా పక్కన కూర్చునే పిల్ల, దాని నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి రెండో తరగతి ఎక్కాలన్నీ కూరగాయల సంత అయ్యాయి. ఒకడు బెండకాయలు, ఒకడు మేకపిల్లలు, ఒకడైతే వాళ్ళ మామల పేర్లన్నీ వరసగా. బాయి ఒక్కొక్కరి వీపు మీద చెయ్యి పెట్టి, అన్నీ విని, అందరికీ శాబాష్ అంది. మేం మూతులు బిగబట్టుకుని నవ్వుకున్నాం. ఇంత వయసొచ్చాక కూడా ఈ వాక్యం రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మొదటిసారి పొరబాటనుకుందో ఏమో, తరువాతి గురువారం అమ్మ చెవి ఒగ్గి విన్నది. బాయి గొడుగు తీసుకుని వెళ్ళేదాకా ఆగింది.

"ఏందే గా ఉల్లిగడ్డలు?"

నేను గొప్పగా చెప్పాను, బాయికి చెవుడనీ, మేం ఏం చెప్పినా నడుస్తుందనీ. దెబ్బ పడుతుందనుకున్నాను. అమ్మ కొట్టలేదు. చేట పక్కన పెట్టి కింద కూర్చుంది.

"నాకెర్కనే. నాకు ఎప్పటిసంది ఎర్కనే" అంది. "గామెకు మొగుడు లేడు, పిల్లల్లేరు. గా కొలువొక్కటే ఆమె అన్నం. గా అన్నం ఇప్పుడు మీ నోట్ల ఉన్నది. రేపు దిప్టీ సాబు అచ్చి ఎక్కాలడిగితె మీరు ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు అంటిరనుకో, ఆమె ఏం దినాలె?"

"వినవడదని చెప్పేస్తె అయితది గద?"

"చెప్తె ఇంటికి తోలుతరు."

దిప్టీ సాబు అంటే బడుల తనిఖీ అధికారి. పరీక్షలకు ముందు వస్తాడని అప్పటికే బడికి సున్నం వేస్తున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అది బాయిదేమో అనిపించింది.

మర్నాటి నుంచి నేను సందంతా తిరిగి పిల్లలను పోగేశాను. పంటలో కలుపు నాటింది నేనే, పీకాల్సిందీ నేనే. శకుంతలకు చెప్తే చాలు, మిగిలిన పని అదే చూసుకుంది. ఎదురింటి మరాఠీ ముసలాయన అరుగు పెద్దది. ఆయనకు ముప్పై దాకా ఎక్కాలు కంఠతా వచ్చు, వినేవాళ్ళు లేక ఏళ్ళయింది. పరమానందంగా ఒప్పుకున్నాడు. దీపాలవేళ పదీపన్నెండు మందిమి ఒకరి వెనక ఒకరం వరసగా కూర్చునేవాళ్ళం. ముందున్న వాళ్ళ వీపు మీద చెయ్యి. అలా అని ఎవరూ చెప్పలేదు, బాయి చేస్తుంది గనక మేమూ చేశాం. ఆయన ఎత్తుకునేవాడు, మేం అందుకునేవాళ్ళం. చీకటి మెల్లగా దిగేది. కళ్ళు మూతలు పడేవి. నా చేతి కింద శకుంతల గొంతు, నా వీపు మీద ఇంకెవరిదో చెయ్యి, ఎక్కం ఒక చివర బయల్దేరి అందరిలోంచి నడిచి అటు చివరికి పోతున్నట్టుండేది. నేను చెప్తున్నానో, నాలో అది చెప్పుకుంటోందో తెలిసేది కాదు. నా చిన్నతనం మొత్తంలో అంత హాయిగా నేనెప్పుడూ లేను.

ఆ హాయిలోనే ఒకరోజు ఉలిక్కిపడ్డాను. శకుంతల పాత అలవాటులో "ఉల్లిగడ్డల్" అంది. నా అరచేతికి తెలిసింది. "ఏకోణ్‌పన్నాస్" అని నలభై తొమ్మిది చెప్తే వీపు ఒకలాగ అదురుతుంది, "ఉల్లిగడ్డల్" అంటే ఇంకోలాగ. పది రోజులుగా చెయ్యి పెడుతున్న నాకే తెలిస్తే, ఇన్నేళ్ళుగా పెడుతున్న బాయికి తెలియదా? ఆమెకు అన్నీ తెలుసు. మరి శాబాష్ ఎందుకన్నట్టు? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. సిగ్గు మాత్రం ఒళ్ళంతా పాకింది.

దిప్టీ సాబు వచ్చాడు. నల్ల కోటు, పెదవులు కప్పేసిన మీసం. ఆ మీసం వెనక మాటలు బాయికి ఎలా కనపడతాయి? కానీ ఆయన ముందు మమ్మల్నే అడిగాడు. ఎనిమిదో ఎక్కం ఒకణ్ణి, తొమ్మిది ఒకణ్ణి, ఏడు నన్ను. మేం ఒక్క ముక్క తప్పు పోలేదు. "సాతీ సాతే ఏకోణ్‌పన్నాస్" అన్నప్పుడు నేను బాయి వైపు చూశాను. ఆమె నా పెదవులు చూస్తోంది. ఆయన "వా, వా" అన్నాడు. అయిపోయిందనుకున్నాను. నాలో నేను ఎగిరి గంతేశాను.

ఆయన కుర్చీలో కూర్చుని హాజరు పుస్తకం తెరిచాడు. బాయి బోర్డు వైపు తిరిగి తారీఖు రాస్తోంది.

"బాయీ, పటావర్ కితీ?" అన్నాడు తల ఎత్తకుండానే. తరగతిలో మొత్తం ఎందరు అని.

బాయి రాస్తోంది.

"బాయీ, కితీ ములే?"

సుద్దముక్క బోర్డు మీద కదులుతూనే ఉంది. గదిలో ఆ చప్పుడొక్కటే. ఆయన పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది, తల లేవబోతోంది. అమ్మ మాట చెవిలో మోగింది. నేను లేచి నిలబడి, గొంతు చించుకుని, "ఎక్కావన్, సాహెబ్!" అని అరిచాను. యాభై ఒకటి.

ఆయన నన్ను చూడలేదు. ఒక పిల్ల అంత గట్టిగా అరిచినా వెనక్కి తిరగని వీపును చూశాడు. చాలాసేపు చూశాడు. బాయి తారీఖు ముగించి, కింద గీత గీసి, నవ్వు మొహంతో మా వైపు తిరిగింది. ఆయన చెడ్డవాడు కాదు. పెన్ను మూత పెట్టుకుని, ఆమెకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను నోరు మూసుకుని ఉంటే, పనిలో పడి వినలేదులే అనుకునేవాడేమో. ఇన్నేళ్ళలో ఊహలో ఆ గదిలోకి తిరిగి వెళ్ళి ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో లెక్కలేదు.

వేసవి సెలవులకు ముందే తెలిసింది, బాయి కొలువు మానేస్తోందని. మానేసింది అన్నారు పెద్దవాళ్ళు. మాన్పించారని అమ్మ మొహం చూస్తే తెలిసింది. నాయ్‌గావ్ దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతుందట. వెళ్ళే ముందు ఒక్కో సందు తిరిగింది. గురువారం మా సందుకు వచ్చింది. అదే తెల్లచీర, అదే గొడుగు. అరుగు మీద కూర్చుంది. అమ్మ మంచినీళ్ళిచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నేను ఆమె ఎదురుగా నిలబడ్డాను. వెలుగు వైపు నేనే మొహం తిప్పుకున్నాను.

"నా వల్లనే అయింది బాయీ. దిప్టీ సాబు అడిగితె నేనే చెప్పిన."

"ఏమడిగిండు?" అంది. తనకు వినపడనిది ఏమిటని ఆమె అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"ఎంతమంది పిల్లలని."

"నువ్వేం జెప్పినవ్?"

"ఎక్కావన్."

బాయి నా చెంప తుడిచింది. "సరిగ్గనే చెప్పినవ్ గద బిడ్డా" అంది. "ఏడుస్తవేంది? ఇటు దిరుగు. సాతాచా పాఢా చెప్పు."

ఏడో ఎక్కం చెప్పడానికి వెనక్కి తిరిగి కూర్చున్నాను. చెయ్యి పడింది. వెచ్చగా, వెనకటి లాగే. అటూ ఇటూ ఇళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి, ఎవరిదో రెండో ఎక్కం మొదలైంది. నేను వెక్కుతూ వెక్కుతూ చెప్పాను. సాతీ సాతే గట్టెక్కాను. సాత్ ఆఠే దగ్గర ఏడుపు అడ్డం వచ్చి "చోపన్" అన్నాను. యాభై ఆరుకు బదులు యాభై నాలుగు. చోపన్, ఛప్పన్. చెవులున్న వాళ్ళు కూడా పొరబడే తేడా.

చెయ్యి ఆగింది.

"తప్పు" అంది.

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. ఏడాది పొడుగునా ఆ మాట ఆమె నోట వినలేదు. ఆమె నా ఆశ్చర్యం చూసి చిన్నగా నవ్వింది.

"గిన్ని దినాలు తప్పనాలంటె బుగులయ్యేది బిడ్డా. మీరు సక్కగనే అంటె, వినవడక నేనే తప్పంటున్ననేమొ, ఎవ్వలన్న పట్టుకుంటరేమొ అని. అందుకే అందర్కి శాబాష్ అన్న. ఉల్లిగడ్డలకు గూడ అన్న. ఇగ బుగులేంది? ఛప్పన్. మొదటికెల్లి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. మళ్ళీ ఒకచోట తప్పన్నది. మళ్ళీ చెప్పాను. మూడోసారి డెబ్బై దాకా పోయాక, "శాబాష్" అని చెయ్యి తీసి గొడుగు అందుకుంది. కావాలని ఇంకొక్క తప్పు చెప్పి ఉంటే ఆ చెయ్యి ఇంకాసేపు ఉండేదని, ఆమె సందు మలుపు తిరిగిపోయాక గానీ నాకు తోచలేదు.